‘హైదరాబాద్ లక్క గాజులు’: జీఐ ట్యాగ్ వచ్చింది, మరి హక్కు ఎవరి చేతికి వచ్చింది?

చార్మినార్ పక్కనే ఉన్న లాడ్ బజార్‌లో తయారై అమ్ముడయ్యే లక్క గాజులకు 2024 మార్చి మొదట్లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అందరూ జీఐ ట్యాగ్ అని పిలుస్తున్నది దీన్నే. హైదరాబాద్‌కు చెందిన క్రెసెంట్ హ్యాండీక్రాఫ్ట్ ఆర్టిజన్స్ వెల్ఫేర్ అసోసియేషన్ 2022లో దరఖాస్తు పెట్టుకుంది. తెలంగాణకు ఇది 17వ జీఐ. అంతకుముందు, 2010లోనే హైదరాబాద్ హలీంకు ఈ గుర్తింపు వచ్చింది. దేశంలో మాంసాహార వంటకానికి జీఐ రావడం అదే మొదటిసారి.

ట్యాగ్ వచ్చిన రోజు పాతబస్తీలో మిఠాయిలు పంచుకున్నారు, ఫోన్లలో శుభాకాంక్షలు తిరిగాయి. ఆ తర్వాత మాత్రం చాలామంది కారిగర్లకు ఒకటే సందేహం మిగిలింది. ట్యాగ్ వచ్చింది సరే, దానివల్ల మనకేంటి? దుబాయ్‌లోనో, చికాగోలోనో ఎవరైనా మిషన్ మీద చేసిన ప్లాస్టిక్ గాజులను హైదరాబాద్ పేరుతో అమ్మితే అడ్డుకోవచ్చా? ఇంట్లో కూర్చుని రాళ్లు అతికించే ఆడవాళ్లకు ఇందులో భాగం ఉందా? చట్టంలో వీటన్నిటికీ జవాబులున్నాయి. కొన్ని ఊరటనిస్తాయి, కొన్ని మాత్రం మేలుకోమని చెప్తాయి.

జీఐ అంటే ఏమిటి?

ఒక వస్తువుకున్న గుణం, పేరు లేదా ప్రత్యేకత అది పుట్టిన ప్రాంతం వల్లనే వచ్చిందని చూపగలిగితే, ఆ ప్రాంతం పేరును ఆ వస్తువుకు చట్టబద్ధంగా కాపాడతారు. జీఐ అంటే ఇదే. ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలోని ట్రిప్స్ ఒప్పందం ప్రకారం సభ్యదేశాలు ఇలాంటి పేర్లకు రక్షణ ఇవ్వాలి. దానికి అనుగుణంగా భారత పార్లమెంటు 1999లో వస్తువుల భౌగోళిక సూచికల చట్టం చేసింది. అది 2003 సెప్టెంబర్ 15 నుంచి అమల్లో ఉంది. దేశం మొత్తానికి జీఐ రిజిస్ట్రీ ఒక్కటే, అది చెన్నైలో ఉంది. మొట్టమొదటి నమోదు డార్జిలింగ్ టీది. మన దగ్గర పోచంపల్లి ఇక్కత్ తొలి వరుసలోనే నమోదైంది.

ట్రేడ్‌మార్క్‌కూ జీఐకీ తేడా ఉంది. ట్రేడ్‌మార్క్ ఒక వ్యక్తిదో, కంపెనీదో అయిన ఆస్తి. దాన్ని అమ్ముకోవచ్చు, కిరాయికి ఇచ్చుకోవచ్చు. జీఐ ఒక ప్రాంతంలో ఆ పని చేసేవాళ్లందరి ఉమ్మడి పేరు. చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం దాన్ని అమ్మడం, తాకట్టు పెట్టడం, లైసెన్స్ ఇవ్వడం కుదరదు. కానీ నమోదైన వాడుకరి చనిపోతే ఆయన హక్కు వారసులకు చేరుతుందని అదే సెక్షన్ చెప్తోంది. తరాలుగా ఖాందానీ పనిగా సాగుతున్న గాజుల పనికి ఇది ముఖ్యమైన మాట.

లక్క ఇక్కడ పండదు కదా, మరి పేరెలా ఇచ్చారు?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. లక్క అనేది చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు కట్టే జిగురు. మన దేశంలో అది ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి వస్తుంది. హైదరాబాద్‌లో లక్క చెట్లు లేవు. అయినా చట్టం అడ్డు చెప్పదు. తయారీ వస్తువుల విషయంలో ఉత్పత్తి, ప్రాసెసింగ్, తయారీ అనే దశల్లో కనీసం ఒకటి ఆ ప్రాంతంలో జరిగితే చాలని జీఐ నిర్వచనంలోనే ఉంది.

ఇక్కడ ప్రాంతానికి చెందింది లక్క కాదు, హునర్. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, సాగదీసి, చుట్టి, గాజుగా మలుస్తారు. వేడి తగ్గకముందే రాళ్లు, అద్దాలు, పూసలు ఒక్కొక్కటిగా చేత్తో పొదుగుతారు. వేడి ఎక్కువైతే లక్క కారిపోతుంది, తక్కువైతే రాయి నిలవదు. ఆ అంచనా పుస్తకాల్లో దొరకదు, తండ్రి పక్కన కూర్చుని పిల్లలు నేర్చుకుంటారు.

హైదరాబాద్ ముత్యాలదీ ఇలాంటి కథే. సముద్రం లేని ఊరికి ముత్యాల నగరం అన్న పేరు వచ్చింది. ఒకప్పుడు బస్రా నుంచి, ఇప్పుడు ఎక్కువగా చైనా నుంచి వచ్చే ముత్యాలను ఏరడం, రంధ్రం వేయడం, గుచ్చడం ఇక్కడి పనితనం. ముడిసరుకు బయటిదైనా పేరు మనదని వాదించడానికి చట్టంలో చోటుంది. దానికి రుజువులు కూడబెట్టుకోవాలి, అంతే.

రుజువులు లేకపోతే ఏమవుతుంది?

బిర్యానీ సంగతి చూడండి. హైదరాబాదీ బిర్యానీకి కూడా జీఐ కోసం దక్కనీ బిర్యానీ తయారీదారుల సంఘం దరఖాస్తు చేసింది. వంటకం పుట్టుక, చరిత్రలకు సంబంధించిన ఆధారాలు చూపలేకపోవడంతో అది నమోదు దాకా చేరలేదు. లోకమంతా తెలిసిన పేరైనా కాగితం మీద నిరూపించాల్సిందే.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక పేరు ఎక్కడ పడితే అక్కడ, ఎవరు పడితే వాళ్లు వాడేసి చివరికి ఆ రకం వస్తువుకు మామూలు పేరుగా మారిపోతే, 9వ సెక్షన్ ప్రకారం అలాంటి పేరును నమోదు చేయరు. ఆలస్యం చేసేకొద్దీ పేరు చేజారే ప్రమాదం పెరుగుతుంది.

హలీం తయారీదారులు ఈ విషయంలో జాగ్రత్తగా నడిచారు. తయారీ పద్ధతిని అంకెలతో సహా రాసిచ్చారు. మేక మాంసానికి, గోధుమకు నిష్పత్తి 10:4 ఉండాలి. నెయ్యి ల్యాబ్‌లో పరీక్ష చేయించినదై ఉండాలి. రాగి దేగ్చాలో, ఇటుకల భట్టీ మీద, కట్టెల మంటతో సుమారు 12 గంటలు ఉడకాలి. ఈ కొలత తప్పితే హైదరాబాద్ హలీం అని పిలవడానికి వీల్లేదు. 2022లో కేంద్రం నిర్వహించిన ఓటింగ్‌లో ఆహార విభాగంలో ‘అత్యంత ప్రజాదరణ పొందిన జీఐ’ అవార్డు కూడా హలీంకే వచ్చింది. రంజాన్ నెలలో రోడ్డు పక్కన ఎన్ని భట్టీలు ఆ కొలతకు నిలబడతాయన్నది వేరే సంగతి. కొలత అంటూ ఒకటి రాసి ఉంటేనే తనిఖీ సాధ్యమవుతుంది.

అసలు విషయం: ట్యాగ్ సంఘానిది, వాడుకునే హక్కు రిజిస్టర్‌లో పేరున్నవారిది

ఎక్కువమందికి తెలియని భాగం ఇదే. జీఐ చట్టంలో రెండు మెట్లున్నాయి.

మొదటి మెట్టు, నమోదు యజమాని. ఉత్పత్తిదారుల తరఫున దరఖాస్తు పెట్టిన సంఘం లేదా సంస్థ ఇది. లక్క గాజులకు క్రెసెంట్ అసోసియేషన్, హలీంకు హలీం మేకర్స్ అసోసియేషన్.

రెండో మెట్టు, అధీకృత వాడుకరి. అంటే ఆ వస్తువును నిజంగా తయారుచేసే మనిషి తన పేరును 17వ సెక్షన్ కింద రిజిస్టర్‌లో రాయించుకోవడం. ఆ వస్తువు మీద జీఐని వాడుకునే ప్రత్యేక హక్కు ఈ వాడుకరికే ఉంటుందని 21వ సెక్షన్ చెప్తోంది.

సంఘానికి ట్యాగ్ వచ్చినంత మాత్రాన గల్లీలో ఉన్న ప్రతి కారిగర్‌కూ ఆ హక్కు దానంతట అదే రాదు. నలభై ఏళ్లుగా గాజులు చేస్తున్న మేస్త్రీ అయినా సరే, రిజిస్టర్‌లో పేరు లేకపోతే అధీకృత వాడుకరి కాడు.

ఇంతకన్నా ఆలోచించాల్సిన విషయం ఇంకోటి ఉంది. చట్టంలో ‘ఉత్పత్తిదారు’ అనే మాటకు ఇచ్చిన అర్థం చాలా విశాలమైనది. చేతిపనుల విషయంలో తయారుచేసేవారే కాదు, ఆ సరుకు వ్యాపారం చేసేవారు కూడా అందులోకి వస్తారు. ముందు మేలుకున్న దుకాణదారు తన పేరు రాయించుకోవచ్చు. అది తప్పేమీ కాదు, చట్టం ఒప్పుకున్నదే. కానీ ఆ దుకాణానికి గాజులు చేసిచ్చే కారిగర్, ఆ గాజులకు ఇంట్లో కూర్చుని రాళ్లు అతికించే అతని భార్య, కూతురు రిజిస్టర్ బయటే ఉండిపోతే, రేపు ఎగుమతి ధర పెరిగినా వాళ్ల మజూరీ పెంచమని అడగడానికి చేతిలో కాగితం ఉండదు. పాతబస్తీలో ఈ పనిలో పెద్ద భాగం ఆడవాళ్లు ఇళ్లలోనే చేస్తారు. వాళ్ల పేర్లు సాధారణంగా ఏ కాగితం మీదా కనపడవు.

పేరు ఎలా రాయించుకోవాలి?

అధీకృత వాడుకరిగా చేరడానికి జీఐ-3 అనే ఫారం ఉంది. ఒకప్పుడు దీనికి 500 రూపాయల ఫీజు ఉండేది. 2020లో నియమాలు సవరించి దాన్ని 10 రూపాయలకు తగ్గించారు. ఖర్చు అడ్డంకి కాదన్నమాట. అడ్డంకల్లా కాగితాలు, తెలియకపోవడం.

దరఖాస్తుకు ముందు చూసుకోవాల్సినవి:

• సంఘంతో మాట్లాడి, నమోదులో రాసిన తయారీ పద్ధతి ఏమిటో, సరిహద్దు పటంలో ఏయే ప్రాంతాలు ఉన్నాయో తెలుసుకోవాలి. ఆ సరిహద్దు బయట తయారైన సరుకుకు పేరు వర్తించదు.

• ఆ ప్రాంతంలో ఆ పని చేస్తున్నట్టు ఆధారాలు సిద్ధం చేసుకోవాలి. చిరునామా రుజువు, ముడిసరుకు కొన్న బిల్లులు, చేతిపనివారికి కేంద్రం ఇచ్చే పెహచాన్ కార్డు లాంటివి ఉపయోగపడతాయి.

• ఇంట్లో ఎవరెవరు పని చేస్తున్నారో వాళ్ల పేర్లతో విడివిడిగా ఆలోచించాలి. కుటుంబ పెద్ద ఒక్కరి పేరు రాయించి ఊరుకుంటే మిగతావాళ్లు చట్టం కంటికి కనపడరు.

• నమోదు తేదీ గుర్తుపెట్టుకోవాలి. జీఐ నమోదు పదేళ్లకే చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేయించాలి. వాడుకరి నమోదు కూడా పదేళ్లు లేదా జీఐ గడువు, ఏది ముందైతే అంతవరకే.

జీఐ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఏ వస్తువు ఎవరి పేరున ఉందో ఎవరైనా చూసుకోవచ్చు.

ఎవరైనా పేరు దొంగిలిస్తే?

దేశం లోపల చట్టం గట్టిగానే ఉంది. నమోదైన పేరును తప్పుగా వాడి జనాన్ని మోసం చేస్తే అది ఉల్లంఘన. జిల్లా కోర్టులో దావా వేసి అమ్మకాలు ఆపించవచ్చు, నష్టపరిహారం అడగవచ్చు. తప్పుడు జీఐ వేసిన సరుకు తయారీకి, అమ్మకానికి 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. బయటి దేశం నుంచి నకిలీ పేరుతో వచ్చే సరుకును ఆపమని కస్టమ్స్ అధికారులను కోరే వీలు కూడా 2007 నాటి దిగుమతి నియమాల్లో ఉంది.

అయితే జీఐ కాపాడేది పేరును మాత్రమే. లక్క గాజుల తయారీని అది ఎవరికీ గుత్తకు ఇవ్వదు. జైపూర్‌లోనూ లక్క గాజులు చేస్తారు. వాళ్లు జైపూర్ గాజులని చెప్పి అమ్ముకుంటే ఎవరూ ఆపలేరు. హైదరాబాద్ గాజులని చెప్పి అమ్మితేనే తప్పు.

ఆ పేరు కూడా ఆ వస్తువు వరకే. డార్జిలింగ్ టీ పేరు కాపాడే టీ బోర్డు, కోల్‌కతాలోని ఒక హోటల్ తన లాంజ్‌కు డార్జిలింగ్ అని పేరు పెట్టుకున్నందుకు కోర్టుకెళ్లింది. 2019లో కలకత్తా హైకోర్టు ఆ దావాను కొట్టేసింది. జీఐ సరుకుకు సంబంధించినది, లాంజ్ సరుకు కాదని తేల్చింది.

సముద్రం దాటితే చట్టం వెంట రాదు

పాతబస్తీలో చాలా కుటుంబాలకు జెద్దాలోనో, దుబాయ్‌లోనో, టొరంటోలోనో బంధువులున్నారు. పెళ్లిళ్లకు, ఈద్‌కు గాజులు సూట్‌కేసుల్లో వెళ్తాయి, ఆర్డర్ల మీదా వెళ్తాయి. కానీ చెన్నైలో నమోదైన జీఐ భారత్ సరిహద్దు దాకానే పని చేస్తుంది. వేరే దేశంలో రక్షణ కావాలంటే ఆ దేశం చట్టం ప్రకారం మళ్లీ నమోదు చేయించుకోవాలి. డార్జిలింగ్ టీకి యూరోపియన్ యూనియన్‌లో 2011లో విడిగా రక్షణ వచ్చింది. అమెరికాలో జీఐ అనే ప్రత్యేక రిజిస్టర్ లేదు, అక్కడ సర్టిఫికేషన్ మార్క్‌గా నమోదు చేయిస్తారు. డార్జిలింగ్ పేరును అక్కడ అలాగే కాపాడుకున్నారు.

ట్రిప్స్ ఒప్పందంలోనూ అసమానత ఉంది. వైన్లు, మద్యాల పేర్లకు 23వ అధికరణం కింద గట్టి రక్షణ ఉంది. కొనేవాడు మోసపోయాడని నిరూపించక్కర్లేదు. బియ్యం, టీ, గాజులు, చీరలకు 22వ అధికరణమే. ఇక్కడ జనం తప్పుదారి పట్టారని చూపించాలి. గట్టి రక్షణను అన్ని వస్తువులకూ ఇవ్వాలని భారత్ ఏళ్లుగా అడుగుతూనే ఉంది.

బాస్మతి కథలో ఇంకో పాఠం ఉంది. 1997లో రైస్‌టెక్ అనే అమెరికా కంపెనీకి బాస్మతి రకం బియ్యం మీద పేటెంట్ దక్కింది. భారత్ అభ్యంతరం చెప్పాక అందులో చాలా క్లెయిములు పోయాయి. కానీ అమెరికాలో పండిన బియ్యాన్ని బాస్మతి అని పిలవడం మోసం కాదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో చెప్పింది. అప్పటికి బాస్మతికి సొంత దేశంలోనే జీఐ లేదు. భారత్‌లో అది 2016లో నమోదైంది. సొంత దేశంలో రక్షణ లేని పేరును కాపాడాల్సిన బాధ్యత ఇతర దేశాలకు లేదని ట్రిప్స్ 24వ అధికరణం చెప్తోంది. పాకిస్తాన్‌ది కూడా ఇదే అనుభవం. భారత్ యూరప్‌లో బాస్మతి కోసం దరఖాస్తు చేసిన తర్వాతే, 2020లో అక్కడ జీఐ చట్టం వచ్చింది. ఇంట్లో నమోదు మొదటి తాళంచెవి అయితే, బయటి దేశంలో నమోదు రెండోది. ఒకటి లేకుండా రెండోది తిరగదు.

రెండు హైదరాబాద్‌లు, రెండు రకాల గాజులు

లక్క గాజులకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఇది. పాకిస్తాన్‌లోని సింధ్‌లో కూడా హైదరాబాద్ అనే నగరం ఉంది. అది గాజు గాజులకు పేరు పొందిన ఊరు. అక్కడా వేలమంది కారిగర్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఆ పని మీదే బతుకుతున్నారు. గల్ఫ్ బజారులో ఒక అమ్మాయి ‘హైదరాబాదీ చూడియాఁ’ అని అడిగితే ఏ హైదరాబాద్ అన్న ప్రశ్న రావచ్చు.

ఇందులో ఎవరూ దొంగలు కారు, ఇద్దరి పేరూ నిజమే. ఒకే పేరున్న రెండు ప్రాంతాల విషయంలో ఏం చేయాలో మన చట్టంలోని 10వ సెక్షన్‌లో ఉంది. కొనేవాళ్లు తికమకపడకుండా, ఉత్పత్తిదారులకు అన్యాయం జరగకుండా రెండింటినీ వేరుగా గుర్తించే ఏర్పాటు ఉంటే రెండూ నమోదు కావచ్చు. మన నమోదు పేరులో లక్క అన్న మాట ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. విదేశాలకు పంపే పెట్టెల మీద వట్టి ‘హైదరాబాద్ గాజులు’ అని కాకుండా పూర్తి పేరు, లక్క అన్న మాట, తెలంగాణ, భారత్ అన్న చిరునామా, జీఐ లోగో స్పష్టంగా ఉండాలి.

ఎగుమతికి ఇప్పుడు తెరుచుకున్న తలుపు

ఇన్నాళ్లూ యూరోపియన్ యూనియన్ స్థాయిలో తిండి, పానీయాల పేర్లకే జీఐ రక్షణ ఉండేది. చేతిపనులకు ఉండేది కాదు. 2023లో చేసిన కొత్త నిబంధనతో ఇది మారింది. 2025 డిసెంబర్ 1 నుంచి చేతిపనులు, పారిశ్రామిక వస్తువుల ప్రాంతీయ పేర్లు కూడా అక్కడ నమోదు చేస్తున్నారు. ఇటలీ మురానో గాజుసామాను లాంటివాటి కోసం వచ్చిన ఏర్పాటు ఇది. యూరప్ బయటి దేశాల ఉత్పత్తిదారులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, సొంత దేశంలో రక్షణ ఉండాలన్నదే ముందు షరతు. లక్క గాజులకు ఆ షరతు తీరింది. దీనికి సంఘం ఒక్కటే సరిపోదు. చేనేత, హస్తకళల శాఖ, హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి లాంటి సంస్థల చేయూత కావాలి.

తెలుగు నేల మీదే దీనికి ఒక హెచ్చరిక ఉంది. నూనెలో నానబెట్టి రంగులద్దే తేలియా రుమాళ్లు ఒకప్పుడు చీరాల నుంచి అరబ్ దేశాలకు, ఆఫ్రికాకు వెళ్లేవి. అరబ్బులు వాటిని తలకు చుట్టుకునేవారు. ఆ బజారు పోయాక చీరాలలో ఆ పని దాదాపు ఆగిపోయింది. పుట్టపాక నేతగాళ్లు దాన్ని పట్టుకుని నిలబెట్టారు, 2020లో వచ్చిన జీఐ కూడా పుట్టపాక పేరు మీదే ఉంది. పేరు ఎక్కడ పుట్టిందో కాదు, చేతులు ఎక్కడ పని చేస్తున్నాయో, ఎవరు రాయించుకున్నారో చివరికి అదే నిలిచింది.

లాడ్ బజార్‌లో ఇప్పుడు పిల్లలు చాలామంది ఈ పనికి రావడం లేదు. భట్టీ ముందు రోజంతా కూర్చుంటే వచ్చే మజూరీ కన్నా డెలివరీ పని మేలని అనుకుంటున్నారు. వాళ్లను జీఐ ఒక్కటే వెనక్కి తేలేదు. కానీ పేరుకు దక్కే ధరలో తయారుచేసే చేతికీ వాటా ఉందని కాగితం మీద ఉంటే అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. సంఘాలు మొహల్లాల్లో ఒక్కోరోజు క్యాంపు పెట్టి జీఐ-3 ఫారాలు నింపించడం, ఇళ్లలో రాళ్లు పొదిగే ఆడవాళ్ల పేర్లు ముందుగా రాయించడం ఈ రోజే మొదలుపెట్టగలిగే పని. ఫీజు 10 రూపాయలే.